ముట్టవద్దన్న పదకొండు నకళ్ళు

బొబ్బిలిలో పల్లెపాటలు రికార్డు చేసి దాచే చిన్న కార్యాలయం ఒకటుంది. అక్కడ కంప్యూటర్లు చూసే అప్పలాచార్యులు గారు ఏమడిగినా జవాబు చెప్పరు, పని చెబుతారు. శిష్యురాలు పైడమ్మకి ఆ సంగతి తెలుసు. అయినా ఆ ఉదయం ఉండబట్టలేక అడిగేసింది.

"గురువుగారూ, పాతవి తుడిచెయ్యమని యంత్రానికి నేర్పాను. మనసుకెలా నేర్పాలండీ?"

ఆ ఆఫీసులో రోజూ డిస్కు ఎలా ఉంటే అలాగే ఒక నకలు పడుతుంది. నెల దాటిన నకళ్ళు వాటంతటవే పోయేలా పైడమ్మ ప్రోగ్రాం రాసింది. మూడు వారాలుగా అది నడుస్తూనే ఉంది, డిస్కు మాత్రం నిండుగానే ఉంది. తెల్లారితే పార్వతీపురం నుంచి ఎనభై ఏళ్ళావిడ పాడటానికి వస్తోంది. ఆవిడ గొంతు పట్టడానికి చోటే లేదాయె!

ఆచార్యులు గారు ప్రోగ్రాం తెరిచి చూశారు. పదకొండు పాత నకళ్ళకి "ముట్టవద్దు" అని గుర్తు పెట్టి ఉంది.

"కంచే చేను మేసిందన్నమాట!" అన్నారు.

పైడమ్మ తల దించుకుంది. పోయినేడు ఆ నకళ్ళు పడిన పదకొండు రోజులూ వాళ్ళమ్మ ఇక్కడే నాట్ల పాటలు పాడింది. తర్వాత రెండు నెలలకే పోయింది. పాటల్ని శుభ్రం చేసి వేరే దాచారు. అమ్మ దగ్గూ, నవ్వూ, మధ్యలో మాటలూ కత్తిరింపులో పోయాయి. అవి మిగిలింది ఈ నకళ్ళలోనే.

"ఎన్నిసార్లు విన్నావు?"

"ఒక్కసారీ లేదండి."

అమ్మ గొంతు కోసం ప్రాణం కొట్టుకుపోయేది. తెరవబోతే చెయ్యి వచ్చేది కాదు.

"ఒకటి తెరువమ్మా," అన్నారు ఆచార్యులు గారు.

తెరిచింది. పాట సగంలో ఆగి దగ్గు వినిపించింది. "ఒలే పైడీ, గొంతెండిపోతందే. రవ్వన్ని నీళ్ళియ్యే." ఆ వెంటనే విసుగ్గా పైడమ్మ గొంతే: "ఉండే అమ్మా, రికార్డింగవుతంది!" తల్లి మారు మాట్లాడకుండా మళ్ళీ పాట ఎత్తుకుంది.

పైడమ్మ భోరుమంది. ఆచార్యులు గారు ఊరుకోమనలేదు. చాలాసేపటికి ఆమె కళ్ళు తుడుచుకుని, ఆ కాస్త ముక్కనీ విడిగా దాచుకుని, పదకొండు గుర్తులూ తన చేత్తోనే తీసేసింది. సాయంత్రానికి డిస్కులో చోటు చిక్కింది.

గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ గురువుగారు అన్నారు: "రేపొచ్చే ఆవిడకీ గొంతెండుతుందమ్మా. మంచినీళ్ళు ముందే పెట్టు."