దొనాతో అంటే

ఇటలీలో కొండల నడుమ ఒక చిన్న మఠం. అందులో దొనాతో అనే సన్యాసి ఉండేవాడు. వయసు నలభై. మఠానికంతటికీ రొట్టెలు కాల్చేది అతనే. పసిగుడ్డుగా ఉన్నప్పుడు గుమ్మం దగ్గర దొరికాడని చెప్పుకునేవారు. కన్నవాళ్లెవరో తెలియదు. ఆ దిగులేమీ పెట్టుకోకుండా, పిండి పిసుకుతూ పాటలు పాడుకునేవాడు.

ఒకసారి ఓ లాటిన్ పండితుడు అక్కడ బస చేశాడు. భోజనాల దగ్గర ఒక్కొక్కరి పేరూ అడిగి, అది ఎక్కడ పుట్టిందో చెబుతున్నాడు. దొనాతో వంతు వచ్చింది.

"పాత లాటిన్ మాట ఇది. 'ఇవ్వబడినవాడు' అని అర్థం. మొక్కగా మొక్కగా పుట్టిన బిడ్డకు, దేవుడిచ్చాడని ఈ పేరు పెట్టుకునేవారు."

అందరూ బాగుందన్నారు. దొనాతో మాత్రం చేతిలోని రొట్టె ముక్కను పళ్లెంలో పెట్టేశాడు. తన కోసం మొక్కిందెవరు? ఎవరో తెచ్చి ఇచ్చేసి పోయారు, అంతేగా!

మూడు రోజులు ముభావంగా తిరిగి, చివరికి గురువు సిల్వెస్త్రో దగ్గరికి వెళ్లాడు. ఎనభై దాటిన ఆ ముసలాయన ఎండలో కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తున్నాడు.

"గురువుగారూ, నా పేరు మార్చండి."

"పెట్టింది నేనే. ఏం, బాగోలేదా?"

"వద్దనుకుని ఇచ్చేసినవాణ్ణి. రోజూ అందరి చేతా అలా పిలిపించుకోలేను."

గురువు చిక్కుళ్లు పక్కన పెట్టాడు.

"ఇప్పుడే కాల్చిన రొట్టె ఒకటి గుడ్డలో చుట్టి పట్రా."

దొనాతో తెచ్చాడు. గురువు దాన్ని అందుకుని, మెల్లగా నడిచి, మఠం గడప దాటి బయట నిలబడ్డాడు. దొనాతోను లోపలే ఉండమన్నాడు. రొట్టెను రెండు చేతులా ముందుకు చాచాడు.

"తీసుకో."

దొనాతో దోసిలి పట్టాడు. వెచ్చని బరువు అరచేతుల్లోకి వచ్చింది. కానీ గురువు చేతులు దాని కిందినుంచి జరగలేదు. ఒక చేత్తో జారిన గుడ్డ అంచు సర్ది, మళ్లీ పట్టుకున్నాడు. దొనాతో కొంచెం లాగాడు. ఆయన వదల్లేదు.

"వదలండి గురువుగారూ, నేను పట్టుకున్నాగా!"

"నలభై ఏళ్ల కిందట, నువ్వు నిలబడ్డ చోటే నిలబడి, మీ అమ్మతో నేనూ ఇదే మాటన్నాను."

దొనాతో ఇక లాగలేదు.

చాలాసేపటికి ఇద్దరూ ఆ గడప మీదే కూర్చుని, రొట్టె తుంచుకుని తిన్నారు.