బజ్జీ తిన్న నోటితో ఐస్‌క్రీం పోటీ

ఇక చాలు, ఆపండర్రా ఆ గోల! మిన్నీ, నువ్విటు రా. చంటీ, నువ్వు నాకు ఈ పక్కన పడుకో. అన్నం దగ్గర మొదలుపెట్టారు, మంచం ఎక్కినా వదల్లేదు. ఏ కంపెనీ ఐస్‌క్రీం గొప్పదో తేలేదాకా నిద్రపోరా ఏంటి? సరే, నేనే తేలుస్తా. కానీ మధ్యలో కొట్టుకున్నారంటే కథ అక్కడే ఆపేసి అటు తిరిగి పడుకుంటా, నా సంగతి తెలుసుగా. ఊఁ కొట్టండి చాలు.

అనగా అనగా, పొద్దున్నే మిరపకాయల ఘాటుకి ఊరు ఊరంతా తుమ్ముతూ నిద్రలేచే ఒక ఊరు ఉండేదంట. ఎటు చూసినా ఎండబోసిన మిరపకాయలే. ఆ ఊరివాళ్ళకి ఒక మర్యాద ఉండేది. పెళ్ళిచూపులకొచ్చినా, తగువు తీర్చడానికొచ్చినా, ఊరికే పలకరించడానికొచ్చినా సరే, మనిషి కూర్చోగానే ముందు పళ్ళెంలో మిరపకాయ బజ్జీలు పెట్టాల్సిందే. పెట్టకపోతే పెద్ద అవమానం. పెట్టాక తినకపోతే ఇంకా అవమానం.

ఆ ఊళ్ళో నాంచారమ్మ అని ఒకావిడ ఉండేది. ఐస్‌క్రీం చేసి అమ్మేది. మిషనూ లేదు, కరెంటూ లేదు. ఒక చెక్క బకెట్టు, దాని మధ్యలో పాల డబ్బా, చుట్టూ ఐసుముక్కలూ రాళ్ళుప్పూ, పైన తిప్పడానికి ఒక పిడి. గేదెపాలు సగానికి సగం కాచి, పంచదారా యాలకులూ వేసి, చల్లార్చి, డబ్బాలో పోసి గిరగిరా తిప్పేది. తిప్పీ తిప్పీ ఆవిడ చెయ్యి మన చంటాడి కాలంత లావు ఉండేది. నవ్వకు చంటీ, నిజం.

ఏటా తిరునాళ్ళకి ఊరంతా వెదురుబద్దలతో ఎత్తుగా, గుడి గోపురాల్లా ప్రభలు కట్టి ఊరేగించేవాళ్ళు. ప్రభలు నడిచే దారిలో మలుపు దగ్గర నాంచారమ్మ కొట్టు. ఆ చోటు వాళ్ళ అత్తగారు ఇచ్చి వెళ్ళింది. ఏడాది పొడుగునా ఆవిడ ఇల్లు గడిచేది ఆ తిరునాళ్ళ బేరం మీదే.

అలా ఉండగా ఆ ఊరికి రెండు పెద్ద ఐస్‌క్రీం కంపెనీలు వచ్చి పడ్డాయి. ఒకదాని పేరు మంచుదొర. ఇంకోదాని పేరు వెన్నెలరాణి. ఒకళ్ళు మైకు పెడితే ఇంకొకళ్ళు రెండు మైకులు పెట్టారు. ఆ మైకుల బళ్ళు అడ్డమొచ్చి, ఆ ఏడు ప్రభ మలుపు తిరగలేక నిలబడిపోయింది.

అప్పుడు సర్పంచ్ పేరయ్యగారికి ఒళ్ళు మండింది. "వచ్చే తిరునాళ్ళకి ఈ దారిలో ఒక్కటే ఐస్‌క్రీం కొట్టు ఉంటది. ఎవరిది బాగుంటే వాళ్ళదే. మూడు రోజులు రుచి చూసి తేలుద్దాం!" అన్నాడు.

ఆ చోటు పోతే నాంచారమ్మకి ఇంక వేరే ఆధారం లేదు. బకెట్టు అటకెక్కించి మిరప చేలల్లో కూలికి పోవాల్సిందే. అయినా కొంగు బిగించింది. "రుచే కదా చూసేది, చూడండి" అంది.

రుచి చూడటానికి ముగ్గుర్ని కూర్చోబెట్టారు. ఒకరు పేరయ్యగారు. రెండో మనిషి గాజుల కొట్టు సైదమ్మ, ఆవిడకి ఏదీ ఒక పట్టాన నచ్చదు. మూడో ఆయన బాజీ తాత, నోట్లో ఒక్క పన్ను లేదు. ఎవరు ముందు పెట్టాలో చీట్లు వేస్తే మొదటిరోజు మంచుదొరకి, రెండోరోజు వెన్నెలరాణికి, మూడోరోజు నాంచారమ్మకి వచ్చింది.

మొదటిరోజు పందిరి వేశారు, కుర్చీలు వేశారు. పెద్దమనుషులు కూర్చున్నారు కదా, మరి మర్యాద జరగొద్దూ? పొగలు కక్కే బజ్జీలు వచ్చాయి. ముగ్గురూ తిన్నారు. నోళ్ళు భగ్గుమన్నాయి. కళ్ళల్లో నీళ్ళు, ముక్కుల్లో నీళ్ళు, ఉస్సు ఉస్సు అంటున్నారు. అప్పుడు మంచుదొర ఐస్‌క్రీం వచ్చింది. నోట్లో పెట్టుకున్నారో లేదో, "అబ్బబ్బా! అమృతం!" అని ముగ్గురూ ఒక్క గొంతుతో అన్నారు. ఆ తర్వాత వెన్నెలరాణిది తిన్నారు, పర్లేదన్నారు. ఆ తర్వాత నాంచారమ్మది తిన్నారు. అప్పటికి నాలికలు మొద్దుబారి ఉన్నాయి. "ఆఁ, ఇదీ చల్లగానే ఉంది" అన్నారు.

చల్లగానే ఉందట! పాపం, పొద్దుటి నుంచీ పాలు కాచి, రెక్కలు పడిపోయేలా తిప్పిన మనిషికి ఆ మాట వింటే ఎలా ఉంటుంది చెప్పండి.

రెండోరోజూ అదే పందిరి, అవే బజ్జీలు. ఈసారి ముందు వెన్నెలరాణి వచ్చింది. "అబ్బబ్బా! ఇదే అమృతం!" అన్నారు ముగ్గురూ. నిన్న అమృతమన్న మంచుదొరని ఇవాళ పర్లేదన్నారు. నాంచారమ్మది మళ్ళీ ఆఖర్నే. సైదమ్మ అయితే రెండో చెంచా ముట్టనేలేదు.

మంచుదొర కంపెనీ ఆయనా, వెన్నెలరాణి కంపెనీ ఆవిడా జుట్టూ జుట్టూ పట్టుకున్నంత పని చేశారు. "నిన్న మాది గొప్పదన్నారు!" అని ఈయన, "ఇవాళ మాది గొప్పదన్నారు!" అని ఆవిడ. అచ్చం మీ ఇద్దరిలాగే.

ఆ గోలలో నాంచారమ్మ ఆకలేసి ఓ బజ్జీ తింది. మండిపోయింది. ఎదురుగా మిగిలిన మంచుదొర గిన్నె ఉంటే, ఒక చెంచా నోట్లో వేసుకుంది. "అబ్బ!" అని ఆవిడ నోట్లోంచే వచ్చేసింది! అనేసి ఉలిక్కిపడింది. "ఇదేంటమ్మా, నా నోరు నాకే ద్రోహం చేస్తోందా?" అనుకుంది.

ఇంటికెళ్ళినా అదే ఆలోచన. నాంచారమ్మకి వాళ్ళ అత్తగారు నేర్పిన పద్ధతి ఒకటి ఉంది. ఐస్‌క్రీం కుదిరిందో లేదో చూడాలంటే పొద్దున్నే నోరు పుక్కిలించి, ఏమీ తినకముందే చూడాలి. మర్నాడు పొద్దున్నే రెండు కంపెనీలవీ చెరో గిన్నె కొనితెచ్చుకుని, అలాగే నోరు పుక్కిలించుకుని కూర్చుంది. ముందు మంచుదొర, తర్వాత వెన్నెలరాణి, తర్వాత తనది. తిని, మోకాలి మీద ఒక్క చరుపు చరిచి, పడీ పడీ నవ్వింది. "ఓసి నీ దుంపతెగ! ఈ రెండు రోజులూ గెలిచింది కంపెనీలు కాదు, బజ్జీలు!" అంది.

అర్థమైందా మిన్నీ? నోరు మండిపోతుంటే ఐసుముక్క పెట్టినా అమృతమే. ఎవరు ముందు పెడితే వాళ్ళదే గెలుపు.

మరి ఆ రోజు ముందు పెట్టేది ఎవరు? నాంచారమ్మే! నోరు మూసుకుని ఊరుకుంటే చాలు, "అబ్బబ్బా" అనే మాట తనకే వస్తుంది. ఇంకొకళ్ళయితే ఊరుకునేవాళ్ళే. కానీ ఆవిడకి రోషం పొడుచుకొచ్చింది. "ఇన్నేళ్ళు చెయ్యి అరిగేలా తిప్పింది బజ్జీ మంట ఆర్పడానికా?" అనుకుంది.

మూడోరోజు పందిరి కింద ఊరంతా చేరింది. బజ్జీల పళ్ళెం రాగానే నాంచారమ్మ అడ్డంగా నిలబడింది. "ఇవాళ బజ్జీలు ముందు వద్దు. నా వంతు కూడా ముందొద్దు. నాది ఆఖర్న పెట్టండి" అంది.

ఇంకేముంది, పందిరి దద్దరిల్లింది. "కూర్చోబెట్టి బజ్జీ పెట్టరా? ఎంత మాట!" అని సైదమ్మ లేచి నిలబడింది. "దీనికి మతిపోయింది" అన్నారు కొందరు. మంచుదొర ఆయన మాత్రం లోలోపల నవ్వుకున్నాడు. చేతికొచ్చిన వంతు వదులుకుంటోంది కదా అని.

నాంచారమ్మ పేరయ్యగారి వైపు తిరిగింది. "పెద్దాయనా, నేను మీకు బజ్జీ ఎగ్గొట్టట్లేదు. తర్వాత నేనే నా చేత్తో వేసి పెడతాను. ముందు ఒక్కసారి చల్లటి నోటితో తినండి. అప్పుడు కూడా నాది బాగాలేదంటే, బకెట్టు అటకెక్కించుకుని పోతాను" అంది.

పేరయ్యగారు మీసం దువ్వుకున్నాడు. సైదమ్మని కూర్చోమన్నాడు. "కానీ, చూద్దాం" అన్నాడు.

అప్పుడు ముగ్గురూ గోరువెచ్చటి నీళ్ళతో నోళ్ళు పుక్కిలించారు. ఉత్త తెల్లన్నం ఒక్కో ముద్ద తిన్నారు. కాసేపు ఊరికే కూర్చున్నారు. ఆ తర్వాత గిన్నెలు వచ్చాయి.

ముందు మంచుదొర. గిన్నె నిండా పొంగి ఉంది. పేరయ్యగారు నోట్లో వేసుకుంటే, నమలకముందే లేదు! అడుగున ఇంత నీళ్ళు మిగిలాయి. "ఏందిది, సగం గాలే ఉంది?" అన్నాడు. సైదమ్మ అంగిలిని నాలికతో రాసుకుంటూ, "డాల్డా పేరుకున్నట్టుందయ్యా" అంది.

ఆ తర్వాత వెన్నెలరాణి. బంగారం రంగు, వీధి చివరికి వాసన. తింటే గొంతులో అత్తరు పోసినట్టుంది. దారిలో ఒకసారి కరిగి మళ్ళీ గడ్డకట్టిందేమో, ఐసు పలుకులు. బాజీ తాత మొహం చిట్లించి, "నాకు పళ్ళు లేవు కాబట్టి సరిపోయింది, ఉంటే ఊడేవి" అన్నాడు.

ఆ తర్వాత నాంచారమ్మది. రంగు లేదు, పొంగు లేదు. గిన్నెలో సగమే ఉంది, కానీ ఎత్తితే బరువుగా ఉంది. ముగ్గురూ నోట్లో పెట్టుకున్నారు. నాంచారమ్మ పిడి తిప్పే చెయ్యి ఇంకో చేత్తో పట్టుకుని నిలబడింది.

సైదమ్మ కళ్ళు మూసుకుంది. అది నాలిక మీద మెల్లగా, వెన్నలా జారుతోంది. ముందు పాలు తెలిశాయి, ఆ తర్వాత యాలకులు, ఆ తర్వాత మళ్ళీ పాలు. పేరయ్యగారు గిన్నె ఎత్తి వేలితో నాకాడు. ఊరు చూస్తోందని కూడా చూసుకోలేదు! బాజీ తాత గిన్నె ముందుకు చాపి, "ఇంకొంచెం వెయ్యి తల్లీ" అన్నాడు. ఏదీ నచ్చని సైదమ్మ లేచొచ్చి, నాంచారమ్మని గట్టిగా వాటేసుకుంది. "ఇన్నాళ్ళూ ఇది తిన్నాననే అనుకున్నానే, ఇవాళే తిన్నాను" అంది.

అంతే! డప్పులు మోగాయి. ఈలలు వేశారు. పిల్లలందరూ నాంచారమ్మ చుట్టూ చేరి గంతులే గంతులు. కంపెనీల వాళ్ళిద్దరూ పోట్లాట మర్చిపోయి, చెరో గిన్నె పట్టుకుని వరసలో నిలబడ్డారు. తిరునాళ్ళ రోజు మలుపు దగ్గర ప్రభ మళ్ళీ ఆగింది. ఈసారి మైకుల బళ్ళు అడ్డమొచ్చి కాదు, మోసేవాళ్ళందరూ నాంచారమ్మ ఐస్‌క్రీం తిన్నాక గానీ కదలం అన్నారు! ఊరివాళ్ళు తన మెడలో వేసిన పూలదండ తీసి ఆవిడ బకెట్టు మీద వేసింది, పిడి తిప్పింది, గర్వంగా తలెత్తుకుని నవ్వింది.

ఇచ్చిన మాట తప్పలేదు. పోటీ రోజునే అందరికీ తన చేత్తో బజ్జీలు వేసి పెట్టింది. అప్పట్నుంచీ ఆ ఊళ్ళో మర్యాద మారిపోయింది. మనిషి కూర్చోగానే ముందు నాంచారమ్మ ఐస్‌క్రీం, ఆ తర్వాతే బజ్జీ.

ఇప్పుడు చెప్పండి, మీరిద్దరూ సాయంత్రం ఏం చేశారు? ఘాటు మిక్చర్ పొట్లం అడుగంటా ఖాళీ చేసి, ఉస్సు ఉస్సుమంటూ ఐస్‌క్రీం మీద పడ్డారు. ఏది ముందు నోట్లో పడితే అదే గొప్పదన్నారు. దొంగ మొహాల్లారా, నేను చూడలేదనుకున్నారా! రేపు పొద్దున నోరు పుక్కిలించి నా దగ్గరికి రండి, పోటీ మళ్ళీ పెడదాం. ఇప్పుడు మాత్రం కళ్ళు మూయండి.

పాలు కాగాయి, పిడి తిరిగింది,
నాలిక మీద మంచు కరిగింది,
కథేమో కంచికి బండెక్కింది,
మనింటికేమో నిద్ర వచ్చింది!