జిగురు కడుక్కున్న కప్ప

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక కుంకుడు చెట్టు, దాని కింద ఒక నీటి గుంట. చెట్టు మీద ఉడుత, గుంటలో కప్ప. ఇద్దరూ ఒకరినొకరు 'వదినా' అని పిలుచుకునేవారు. వదినలన్నాక ఎకసెక్కాలు ఉండవా మరి!

ఒకరోజు ఉడుత కిందికి దిగి వచ్చింది.

"కప్ప వదినా, ఎల్లుండి మా అమ్మాయి పెళ్లి. తప్పకుండా రావాలి. కానీ ఆ ఒంటి జిగురు వదిలించుకుని రా తల్లీ! మగపెళ్లివారి ముందు మా పరువు పోతుంది," అంది.

కప్ప మనసు చివుక్కుమంది. కుంకుడుకాయలు చితక్కొట్టి, నురుగు తీసి ఒళ్లు రుద్దుకుంది. కాసేపటికి జిగురు మళ్లీ ఊరింది. మళ్లీ రుద్దుకుంది. మళ్లీ ఊరింది. మూడోసారి ఇసుక కూడా కలిపి, చర్మం మండేదాకా తోముకుని ఎండలో కూర్చుంది. ఈసారి జిగురు ఊరలేదు. "హమ్మయ్య!" అనుకుంది పిచ్చి కప్ప.

పెళ్లిలో అందరూ "ఎంత శుభ్రంగా ఉందో!" అని మెచ్చుకున్నారు. కప్ప పొంగిపోయింది. గెంతుతూ ఇంటికి వస్తుంటే తొడలో రేగుముల్లు గుచ్చుకుంది. ముళ్లు దానికి కొత్తా? ఎన్నో గుచ్చుకున్నాయి, అన్నీ మానాయి. పీకి పారేసి పడుకుంది.

తెల్లారేసరికి తొడ వాచింది. మర్నాటికి చీము పట్టింది. గెంతలేదు, బెకబెకమనలేదు.

దాని అత్తగారు, ముసలి కప్ప, వచ్చి కోడలి వీపు తడిమి అదిరిపడింది.

"ఏమే, నీ జిగురేదీ?"

"కడిగేసుకున్నాను అత్తయ్యా."

"కొంప ముంచావు కదే! అది మురికనుకున్నావా? అందులో కంటికి కనబడని కాపలావాళ్లుంటారు. గాయంలోకి సూక్ష్మజీవులు దూరితే వాటి ఒంటికి చిల్లులు పొడిచి చంపేస్తారు. అవి మరీ ఎక్కువైతే ఒంటి లోపలి సిపాయిల్ని కేకేస్తారు. అలాంటి వాళ్లని తరిమేసి తలుపు బార్లా తీశావు!"

"నేను బతుకుతానా అత్తయ్యా?" అని కప్ప ఏడ్చింది.

"నీడలో, తడిలో కదలకుండా ఉండు. రుద్దకు. జిగురు మళ్లీ ఊరితే బతికిపోతావు. ఊరకపోతే..." అంటూ ముసలి కప్ప కోడలిని నీడలోకి జరిపింది.

సంగతి విని ఉడుత పరుగున వచ్చింది. కప్ప పక్కన కూర్చుని, పెళ్లి పనుల్లో గీరుకుపోయిన తన కాలిని నాకుతూనే ఉంది.

"ఎందుకు వదినా, అలా నాకుతున్నావు?" అని కప్ప నీరసంగా అడిగింది.

"గాయం తొందరగా మానుతుందని మా అమ్మ నేర్పింది," అంటూనే ఉడుత చటుక్కున ఆగిపోయింది. తన ఉమ్మి కూడా తడే, జిగురే! "అయ్యో వదినా! నా నోట్లో ఉన్నటువంటిదే నీ ఒంటి మీద ఉంటే వెక్కిరించానా!" అని భోరుమంది.

ఏడుస్తూ కూర్చోలేదులెండి. మోదుగాకు దొప్పతో నీళ్లు తెచ్చి కప్ప వీపు మీద చిలకరిస్తూనే ఉంది. సాయంత్రమైంది, జిగురు లేదు. తెల్లారింది, లేదు. మధ్యాహ్నం అత్తగారు కోడలి వీపు మీద చెయ్యి వేసింది. చెయ్యి సర్రున జారింది!

"ఊరిందే! ఊరింది!" అని ముసలి కప్ప చిన్నపిల్లలా గెంతింది. ఉడుత అక్కడే కూలబడి కళ్లు తుడుచుకుంది. వాపు మెల్లమెల్లగా తగ్గింది. కప్ప మళ్లీ బెకబెకమంది. ఆ గోల అడవికంతా ఎంత హాయిగా వినిపించిందో!

కొన్నాళ్లకి ఉడుత మనవడి బారసాలకి వచ్చిన కప్ప దూరంగా నిలబడింది. ఉడుత ఒక తడి ఆకు తెచ్చి తన పక్కనే పరిచింది.

"జిగురంటుతుంది వదినా," అంది కప్ప.

"అంటనీ. నువ్వున్నావన్న గుర్తు అది," అంది ఉడుత.

పిల్లలూ, మీ చర్మం మీద, ఉమ్మిలో, కన్నీళ్లలో కూడా అలాంటి కాపలావాళ్లున్నారు. అలాగని రేపు స్నానం ఎగ్గొడదామని చూడకండి! చర్మం మండేలా తోముకోవద్దన్నానంతే.

నీతి: ఎవరో నవ్వారని, మనల్ని కాపాడే దాన్ని మనమే వదులుకోకూడదు.