ముంగిసల సాల అంకాళి

అనగనగా, ఎలుకలకి కూడా చదువు మీద మోజు పుట్టిన కాలంలో, కుముదపురం అని ఒక రాజ్యం ఉండేది. దాన్ని చంద్రకేతు మహారాజు ఏలేవాడు. ఆయనకి తాళపత్ర గ్రంథాలంటే ప్రాణం. ఎలుకలకీ అంతే. రాజు ఒక పత్రం చదివేలోపు అవి నాలుగు కొరికేసేవి.

అందుకని రాజు తన గ్రంథాల భవనం పక్కనే ఒక ముంగిసల సాల కట్టించాడు. ముంగిస వాసన సోకితే చాలు, ఎలుక ఆ ఛాయలకే రాదు కదా. ఏళ్ల తరబడి ఆ సాలని చూసుకున్న పెద్దాయన ఆ ఏడు కాలం చేశాడు. ఆయన కూతురే అంకాళి.

సాలలోని ఆరు ముంగిసలనీ కళ్లు తెరవని రోజుల నుంచీ అంకాళే సాకింది. గురివింద గింజల్లా మెరిసే వాటి ఎర్రని కళ్లలోకి చూస్తూ కూర్చుంటే ఆ పిల్లకి ఆకలి కూడా గుర్తొచ్చేది కాదు. అవి మాట్లాడేవి కూడాను. అందరితో కాదు, వినే ఓపిక ఉన్నవాళ్లతోనే.

సాల పెద్ద అంటే చిన్న పదవి కాదు. వెండి పొన్ను కర్ర పట్టుకుని కొలువులో కూర్చోవచ్చు. అందుకే అంకాళితో పాటు, అది నాకు కావాలంటూ మరో ఇద్దరు వచ్చారు. ఒకడు పరిమళాల వర్తకుడు కామిశెట్టి. ఇంకొకడు రాజుగారి వంటశాల పెద్ద దాసన్న.

రాజు ముగ్గురినీ పిలిచి, "తలా రెండు ముంగిసల్ని తీసుకోండి. మూడు వారాలు సాకండి. ఎవరివి బాగుంటే సాల వాళ్లది. ఓడినవాళ్లు మళ్లీ సాల గడప తొక్కకూడదు," అన్నాడు.

అంకాళికి దిగులు పట్టుకుంది. ఓడితే పదవి పోతుందని కాదు. తన ఆరు ముంగిసల్నీ ఇక జన్మలో చూసే వీలుండదని.

మొదటి వారం మొదలైంది. కామిశెట్టి రోజుకి మూడుసార్లు పన్నీటితో గూడు కడిగించాడు, మూడుసార్లు కొత్త గడ్డి పరిపించాడు. దాసన్న రోజుకి మూడుసార్లు నేతిలో వేపిన కోడిమాంసం, కొరమీను ముక్కలు, కోడిగుడ్లు గుట్టగా పెట్టాడు. ఎంత పెట్టినా గిన్నె ఖాళీ. దాసన్న మీసం దువ్వుకున్నాడు.

అంకాళి మటుకు తండ్రి చేసినట్టే చేసింది. పొద్దునా సాయంత్రం నాలుగు చిన్న చేపలో, ఒక గుడ్డో పెట్టేది. ఒరిగిపోకుండా బరువైన మట్టిమూకుడులో నీళ్లు పోసేది. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని గడ్డి అంతా ఎత్తి మూలమూలలా వెతికేది. ఎందుకంటే ముంగిసకి ఒక గుణం ఉంది. పొట్ట నిండాక మిగిలిన ముక్కని వదిలెయ్యదు. రేపటికని గడ్డి కింద దాచేస్తుంది. దాచిన సంగతి మర్చిపోతుంది. ఆ ముక్క కుళ్లుతుంది.

"ఏమ్మా అంకాళీ, ఏం వెతుకుతున్నావు? ముక్కుపుడక పడిపోయిందా?" అని దాసన్న నవ్వేవాడు.

"అక్కడే ఉండు తల్లీ, ఇటు రాకు. నీ చేపల కంపుకి నా పన్నీరు విరిగిపోతుంది," అని కామిశెట్టి ముక్కు మూసుకునేవాడు.

రెండో వారానికి ఆ మాటలు అంకాళి మనసులో ముల్లులా గుచ్చుకున్నాయి. కామిశెట్టి గూడు దూరం నుంచి చూస్తే పెళ్లిపందిరిలా ఉండేది. తన గూడు అలా ఎందుకుండకూడదు? ఒకరోజు మధ్యాహ్నం చందనం కలిపిన నీళ్లు తెచ్చి, గూడంతా అంగుళం వదలకుండా రుద్ది కడిగింది. పాత గడ్డి ఒక్క పోచ ఉంచలేదు.

తెల్లారి చూస్తే గూడు నిండా రొచ్చు. గడ్డి మీద, నీళ్ల మూకుడులో, ఎక్కడ పడితే అక్కడే. రాగి అనే ఆడముంగిస వీపు తిప్పుకుని కూర్చుంది.

"ఏమే రాగీ, అలిగావా?"

"ఈ ఇల్లు ఎవరిది?" అంది రాగి.

"మీదేగా."

"మాదైతే మా వాసన ఏది? మేం బయటికి పోయే మూల ఏది? ఎవరింటికో చుట్టపుచూపుగా వచ్చినట్టుంది. ఎక్కడ పోవాలో తెలీక అంతటా పోయాం. తప్పు నీదే, మమ్మల్ని అనకు."

అంకాళికి నాన్న గుర్తొచ్చాడు. ఆయన రోజూ ఆ మూలని ఊడ్చి, చిటికెడు పెంట మాత్రం వదిలేవాడు. ముసలితనం, బద్ధకం అనుకుంది ఇన్నాళ్లూ. ఆ చిటికెడే వాటికి దారి చూపే గుర్తని ఇప్పుడు తెలిసింది. ఆ రోజు నుంచి ఎవరేమన్నా తల తిప్పి చూడలేదు.

మూడో వారం చివరి రోజు రాజు పరివారంతో వచ్చాడు.

కామిశెట్టి గూడు ఘుమఘుమలాడింది. ఆ ఘుమఘుమలో సాలలో ఇంకే వాసనా తెలియలేదు. "ఆహా," అన్నాడు రాజు. దాసన్న గూట్లో గిన్నె అద్దంలా ఖాళీగా ఉంది. "భేష్," అన్నాడు రాజు. అంకాళి గూడు దగ్గరికి రాగానే ఆయన చూపు మూలనున్న ఆ చిటికెడు మీద పడింది. పరివారం కిసుక్కున నవ్వింది.

"రాజు వస్తున్నాడని తెలిసి కూడా తుడవలేదా?" అన్నాడాయన.

పక్కనున్న మంత్రికి పిల్ల మీద జాలేసింది. "ముంగిస ఇప్పుడే చేసిందని చెప్పమ్మా, సరిపోతుంది," అని మెల్లగా అందించాడు.

చెప్తే నిజంగానే సరిపోయేది. కానీ అలా అంటే నాన్న పనిని తప్పని ఒప్పుకున్నట్టేనని అంకాళికి అనిపించింది. తల ఎత్తి నిలబడింది.

"లేదు ప్రభూ. పొద్దున్నే ఊడ్చాను. ఆ చిటికెడూ నేనే ఉంచాను. అది చూసే ఇవి మిగతా గూడు పాడుచేయవు. నమ్మకపోతే గడ్డి ఎత్తి చూడండి. ముందు నాదే ఎత్తండి."

రాజు స్వయంగా వంగి ఎత్తాడు. కింద నేల పొడిగా, ఒక్క ముక్క కూడా లేకుండా ఉంది. రాగి ఆయన వేలు వాసన చూసి, నచ్చనట్టు తుమ్మి, హుందాగా పక్కకి జరిగింది.

కామిశెట్టి గడ్డి ఎత్తితే అడుగంతా పన్నీటి తడి. రెండు ముంగిసలూ జలుబు చేసి ఒణుకుతున్నాయి. ఒంటికి ముంగిస వాసనే లేదు. వాటి వెనకే ఒక ఎలుక తాపీగా మీసాలు తుడుచుకుంటోంది.

దాసన్న గడ్డి ఎత్తగానే మంత్రి నాలుగడుగులు వెనక్కి వేశాడు. మూడు వారాల మాంసం అక్కడే గుట్టగా కుళ్లి, పురుగులు పట్టి ఉంది. ఆ కుళ్లు తిని జబ్బుపడి ముంగిసలు డొక్కలు ఎండి పడుకున్నాయి.

"గిన్నె ఖాళీ అయింది ప్రభూ. నా కళ్లతో నేను చూశాను," అన్నాడు దాసన్న.

"గిన్నెని చూశావు అన్నా. ముంగిసని చూడలేదు," అంది అంకాళి.

రాజు వెండి పొన్ను కర్ర తెప్పించి అందరి ముందూ ఆమె చేతిలో పెట్టాడు. అంకాళి కళ్లకద్దుకుంది. అంతలో నీరసించిన నాలుగు ముంగిసలూ కనిపించాయి.

"ఇది ఒక్క నిమిషం పట్టుకోండి ప్రభూ. వీటికి పొడి గడ్డి వెయ్యాలి," అని కర్రని తిరిగి రాజుగారి చేతికే ఇచ్చి, కొంగు బిగించి గూట్లోకి దిగింది.

ఆమె పని ముగిసేదాకా కుముదపుర మహారాజు కర్ర పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆయన నిలబడ్డాడు కాబట్టి కొలువంతా నిలబడింది.

నీతి ఏమిటంటే పిల్లలూ, సాకడమంటే గిన్నె నింపడమూ కాదు, గూడు మెరిపించడమూ కాదు. మనల్ని నమ్ముకున్న ప్రాణికి ఏం కావాలో వంగి చూసి, తెలుసుకుని చేసేవాళ్ల ముందు రాజైనా నిలబడాల్సిందే.