జీడిగుర్తు లేని గుడ్డ

...అదే యామినీ, నాలుగు రోజుల నుంచి చెప్తా చెప్తా అని ఊరిస్తున్నానని నువ్వు అలిగావంట, మీ అమ్మ చెప్పింది. తప్పు నాదే తల్లీ. పెద్దమ్మకి ఒక పని అయ్యేలోపు ఇంకో పని తగులుతుంది. ఇవాళ మాత్రం మొత్తం చెప్పేస్తాను. కొంచెం పొడుగైనా విను, తమ్ముణ్ణి కూడా పక్కన కూచోబెట్టుకో. నీ బీరువా తలుపు మూతపడట్లేదని, అసలు మనిషికి ఎన్ని బట్టలుంటే చాలు పెద్దమ్మా అని అడిగావు కదా. దానికి నేను అంకె చెప్పను. కథ చెప్తాను.

అనగనగా వీరధ్వజుడని ఒక రాజు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు, ఏడు గదుల నిండా బట్టలు. కట్టింది మళ్ళీ కట్టడు. ఒక్కసారి కట్టాడా, ఉతికించి మడతపెట్టించి గదిలో పడేయించడం, ఇంక మర్చిపోవడం. ఆయన రాణి హేమవల్లి మాత్రం పండక్కి పట్టుచీర కట్టినా, మర్నాటికి మళ్ళీ ఆ గంధం రంగు నేత చీరలోకే వచ్చేసేది. కట్టీ కట్టీ అది వెన్నలా మెత్తబడిపోయింది.

ఒకరోజు రాజు సభ ముగించుకుని సాయంత్రం అంతఃపురానికి వచ్చేసరికి రాణి లేదు. "రాణిగారేరీ?" అని అడిగాడు.

కాపలావాళ్ళు మొహాలు చూసుకున్నారు. "మీరే కదా ప్రభూ, మధ్యాహ్నం వచ్చి షికారుకని తీసుకెళ్ళారు. చిలకపచ్చ అంగీ వేసుకున్నారు."

"నాకు చిలకపచ్చ అంగీ ఎక్కడిది?" అన్నాడు రాజు.

బట్టల గదులు చూసుకునే ముసలి దాసి మంగతాయి అక్కడే ఉంది. "ఉంది నాయనా. పన్నెండేళ్ళ కింద వేటకెళ్ళినప్పుడు ఒక్కపూట వేసుకున్నావు. నువ్వు మర్చిపోయావు. మర్చిపోయావు కాబట్టే వాడికి దొరికింది" అంది.

ఎవడికంటే, మడతల మాంత్రికుడికి. ఏడు సముద్రాల అవతల దీవిలో ఉంటాడు. మనుషులు ఒకసారి కట్టి మర్చిపోయిన బట్టలు వాడు ఎత్తుకుపోతాడు. ఎవరి బట్ట తొడుక్కుంటే వాళ్ళలాగే అయిపోతాడు, మొహమూ గొంతూ నడకా అన్నీ. రోజూ కట్టే బట్ట జోలికి మాత్రం రాలేడు. అందుకే ఆ గంధం రంగు చీర దండెం మీద అలాగే ఉంది.

"మా అమ్మ చెప్పేది" అంది మంగతాయి. "వాడు తెచ్చుకున్న మనిషికి రోజుకో కొత్త చీర కడతాడంట. సాయంత్రం ఆ చీర మడతపెట్టినప్పుడల్లా, మడతలో ఒక జ్ఞాపకం కూడా వెళ్ళిపోతుందంట. ముప్పై రోజులు, ముప్పై చీరలు. ముప్పయ్యో చీర మడతపడితే ఇంక తన పేరు కూడా తనకి గుర్తుండదు."

రాజు ఏడు గదుల తాళాలూ చేతిలో పట్టుకుని అలాగే కూలబడిపోయాడు.

పెద్ద కొడుకు లేచాడు. "నేను తెస్తాను అమ్మని" అన్నాడు. పరాయి దేశం, ఎండుంటుందో చలుంటుందో, ఎవర్ని కలవాల్సొస్తుందో అని నలభై పెట్టెల బట్టలు సర్దించుకుని సముద్రం ఒడ్డుకెళ్ళాడు. అక్కడ ఇల్లంత తాబేలు ఉంది. మాట్లాడే తాబేలు.

"నన్ను ఏడు సముద్రాలు దాటిస్తావా?"

"దాటిస్తా నాయనా. ఎన్ని బట్టలు తెచ్చావు?"

"నలభై పెట్టెలు."

"అవెక్కితే నేను మునుగుతాను. సగం వదిలెయ్యి."

ఏవి వదలాలో తేలలేదు ఆయనకి. ఒకటి తీస్తే ఇంకోటి పెట్టుకున్నాడు. ఆఖరికి అన్నీ ఎక్కించాడు. చెప్పినట్టే తాబేలు మునిగింది. పెట్టెలన్నీ తడిసిపోయాయి. ఇంక ఒడ్డున నలభై పెట్టెల బట్టలు ఆరేసుకుంటూ కూచున్నాడు. ఒకటి ఆరేలోపు ఇంకోటి గాలికెగురుతుంది. ఎనిమిది రోజులు గడిచిపోయాయి.

రెండో కొడుకు లేచాడు. "ఈ బట్టల వల్లే కదా ఇంత జరిగింది. నాకు కట్టుపంచె ఒక్కటి చాలు" అని చేతులూపుకుంటూ వెళ్ళాడు.

"ఎన్ని తెచ్చావు నాయనా?" అంది తాబేలు.

"కట్టుకున్నదొక్కటే. నేను అన్నలాంటివాణ్ణి కాదు."

"చెప్పుకోడానికి బావుంది. తడిస్తే ఏం కడతావు?"

వాడు చేతులూపుకుంటూనే ఎక్కేశాడు. మొదటి సముద్రంలోనే పెద్ద కెరటం కొట్టింది, ముద్దయిపోయాడు. మధ్యలో తిప్ప మీద పంచె ఆరేసి, రాయి వెనక నక్కి కూచున్నాడు. ఆరబోయేసరికి వాన. మళ్ళీ ఆరబోయేసరికి మళ్ళీ వాన. ఒళ్ళు కాలిపోయే జ్వరం పట్టుకుంది. తాబేలు వెనక్కి తెచ్చి అన్న పక్కన దింపింది. ఇంకో ఎనిమిది రోజులు పోయాయి.

మూడోవాడు సుధన్వుడు. వాడు ఎవర్నీ వెక్కిరించలేదు. కూచుని ఆలోచించాడు. ఒంటిమీద ఒకటి. అది తడిస్తే కట్టుకోడానికి ఒకటి. సరే, అమ్మ దొరికితే, వాడు కట్టిన చీరతోనే తీసుకురానా? అనుకుని దండెం మీద అమ్మ గంధం రంగు చీర తీసి మూటలో పెట్టుకున్నాడు. అంతే, మూడు. పదిహేడో రోజు పొద్దున్నే తాబేలు దగ్గరికొచ్చాడు.

"ఎన్ని తెచ్చావు నాయనా?"

"మూడు. ఒంటిమీదొకటి, దండెం మీదకొకటి, ఇంకొకరికొకటి."

"ఎక్కు" అంది తాబేలు.

ఒక్కో సముద్రంలో తడిసేవాడు, పొడిది కట్టేవాడు, తడిది కర్రకి కట్టి తాబేలు వీపు మీద నిలబెట్టేవాడు. తర్వాతి సముద్రం వచ్చేలోపు అది ఆరిపోయేది. అలా ఒక సముద్రం, రెండు సముద్రాలు, మూడు సముద్రాలు, ఏడు సముద్రాలూ దాటాడు. అమ్మ చీర మూట మాత్రం నెత్తిన పెట్టుకున్నాడు, ఒక్క చుక్క పడనివ్వలేదు. దీవి చేరేసరికి ఇరవై ఏడు రోజులైపోయాయి. ఇంక మూడే రోజులు.

దీవి ఒడ్డున ఒక అమ్మాయి బండ మీద బట్టలుతుకుతోంది. పక్కన గుట్టలు గుట్టలుగా బట్టలు. ఒక గాడిద నిలబడి ఉంది.

"ఎవరో వచ్చారు పైడీ. మొహం చూస్తే రాజుల బిడ్డలా ఉన్నాడు, మూట చూస్తే మనలా ఉన్నాడు" అంది గాడిద.

పైడి మొహం చూడలేదు, మూట చూసింది. మూటలోంచి కనిపిస్తున్న చీర అంచు మూల తిప్పి చూసింది. అక్కడ నల్లగా రెండు చుక్కలు, కింద చిన్న గీత. పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఇది మా నాన్న చేతి గుర్తు. రాజుగారింటి గుర్తు ఇది" అంది.

ఇది నీకు చెప్పాలి యామినీ, నువ్వు చూసుండవు. అప్పట్లో ఊరందరి బట్టలూ ఒకే రేవుకి వెళ్ళేవి. ఏది ఎవరిదో తెలియాలిగా. అందుకని నల్లజీడి గింజ రసంతో మూల చిన్న గుర్తు పెట్టేవాళ్ళు, ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు. ఎన్ని ఉతుకులకీ పోదది. ఈ పైడి, రాజుగారి బట్టలుతికే సోమన్న కూతురు. మూడేళ్ళ కింద మాంత్రికుడు వాళ్ళ మేనమామ మర్చిపోయిన అంగీ తొడుక్కొచ్చి, "పద కోడలా" అని తీసుకొచ్చేశాడు, ఎత్తుకొచ్చిన బట్టలుతకడానికి.

సుధన్వుడు సంగతంతా చెప్పాడు. పైడి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూపించింది. లోపల రాణి జలతారు చీరలో కూచుని, పంజరంలో చిలకతో అంటోంది, "మా పెద్దవాడి పేరేంటే చిలకా? నాలుక చివరే ఉంది, రావట్లేదు."

సుధన్వుడు పళ్ళు బిగించాడు. "వాడి ప్రాణం ఆ చిలకలోనే కదా ఉండేది? అందరూ అదే చెప్తారు" అని కిటికీలోంచి చెయ్యి పెట్టి చిలక మెడ పట్టుకున్నాడు.

"నా మెడ వదులు నాయనా" అంది చిలక. "నాలో జామపండు తప్ప ఏమీ లేదు. వాడే అలా పుకారు పుట్టించాడు. వాడి ప్రాణం వాడి సొంత గుడ్డలో ఉంది. అది ఏదో నాకూ తెలియదు."

పైడి చెయ్యెత్తి మాంత్రికుడి ఏడు గదులూ చూపించింది. "ఇక్కడున్నవన్నీ ఎత్తుకొచ్చినవి. ఎవరిదైనా ఒకసారి ఉతుక్కి వెళ్ళిందే, దేని గుర్తు దానికుంటుంది. వాడు తన గుడ్డ మాత్రం నాకెప్పుడూ ఉతకడానికి వెయ్యలేదు. గుర్తు లేని గుడ్డ వెతకాలి మనం" అంది.

గదులేమో ఏడు, రోజులు మూడు. గాడిద మూటలు మోసుకొచ్చింది, సుధన్వుడు విప్పాడు, పైడి మూలలు తిప్పి చూసింది. మాంత్రికుడు మేడ మీంచి అరిచాడు, "ఎందుకవన్నీ బయటికి తీస్తున్నావు?" సుధన్వుడు బట్టల గుట్టలో దూరాడు.

"పురుగు పడుతోందయ్యా, ఎండబెడుతున్నా" అంది పైడి.

"ఎన్నున్నాయి?"

"చాలా ఉన్నాయయ్యా."

వాడికి ఆ మాటే కావాలి. మురిసిపోయి లోపలికెళ్ళాడు.

మొదటి రోజు మూడు గదులు. అన్నిటికీ గుర్తులున్నాయి. రెండో రోజు మూడు గదులు. అన్నిటికీ గుర్తులే. మూడో రోజు ఏడో గది. మధ్యాహ్నానికి ఆఖరి గుడ్డ కూడా తిప్పేశారు. దానికీ గుర్తుంది.

గాడిద కాళ్ళు మడిచి కూచుంది. "ఇంక నావల్ల కాదు. వీపు ఊడిపోయింది" అంది.

"ఊడితే ఊడనీ. సాయంత్రం దాకా టైముంది" అన్నాడు సుధన్వుడు. పరిగెత్తుకుని కిటికీ దగ్గరికెళ్ళి, "అమ్మా" అని పిలిచాడు.

రాణి చూసింది. ముప్పయ్యో చీర కట్టుకుని ఉంది. "ఎవరు బాబూ నువ్వు?" అంది, ఎంతో మర్యాదగా.

కన్నతల్లే గుర్తుపట్టలేదు వాణ్ణి. కానీ కూలబడలేదు యామినీ, వాళ్ళ నాన్నలాగా. అక్కడే నిలబడి గదంతా కళ్ళతో వెతికాడు. మంచం, దీపం, పంజరం. పంజరం అడుగున చిలక కింద ఏదో పరిచి ఉంది. మట్టి కొట్టుకుపోయిన చిన్న గుడ్డపేలిక.

"నీ కింద ఏంటది?"

చిలక లేచి కిందికి చూసుకుంది. "ఇదా? ఎప్పట్నుంచో ఉంది. ఇన్నేళ్ళూ దీని మీదే కూచున్నానా నేను?"

లాగి తెచ్చి పైడి చేతిలో పెట్టాడు. నాలుగు మూలలూ తిప్పింది. గుర్తు లేదు. మూరెడు గుడ్డ. మాంత్రికుడు పుట్టినప్పుడు వాళ్ళమ్మ వాణ్ణి చుట్టిన పొత్తిగుడ్డ.

"కాల్చేద్దాం" అన్నాడు సుధన్వుడు.

పైడి గుడ్డ వెనక్కి లాక్కుంది. "రేవుకొచ్చిన గుడ్డని కాల్చే ఇల్లు కాదు మాది. ఉతకాలి, ఆరెయ్యాలి, గుర్తు పెట్టాలి, తిరిగివ్వాలి. దొంగదైనా సరే."

"సాయంత్రమైపోతోంది పైడీ."

"అయితే నీళ్ళు తే. మాటలెందుకు?"

నీళ్ళు తెచ్చాడు. పైడి గుడ్డ తడిపి బండకేసి ఒక్క దెబ్బ కొట్టింది. మేడ మీద, చీర మడతపెట్టడానికి కిందికి దిగబోతున్న మాంత్రికుడు కెవ్వుమన్నాడు. గడ్డం ఊడిపోయింది. రెండో దెబ్బ కొట్టింది. "ఆపవే, నీకు ఏడు గదులూ ఇచ్చేస్తాను" అని అరుస్తూ మెట్లు దిగుతున్నాడు, గొంతు చూస్తే పిల్లాడి గొంతు. "నాకెందుకయ్యా, నేనే ఉతుక్కోవాలిగా" అని మూడో దెబ్బ కొట్టింది. మెట్ల మీద చిలకపచ్చ అంగీ ఒకటి కుప్పగా పడింది. అందులోంచి పసిబిడ్డ ఏడుపు.

లోపల ఏడు గదుల మడతలూ వాటంతటవే విడిపోయాయి. సుధన్వుడు మూట విప్పి, గంధం రంగు చీర లోపలికి అందించి, తలుపు దగ్గర వెనక్కి తిరిగి నిలబడ్డాడు. రాణి ఆ చీర కట్టుకుంది. కొంగు మొహానికి అద్దుకుంది.

"సుధన్వా, ఎండలో పడొచ్చావా ఏంటి, ఇంత నల్లబడ్డావు?" అంది.

అప్పుడేడ్చాడు వాడు, అంతదాకా ఏడవనివాడు.

బిడ్డని ఏం చెయ్యాలన్నారు. రాణి ఎత్తుకుంది. పైడి ఆ పొత్తిగుడ్డ ఆరబెట్టి, మూల రెండు చుక్కలూ ఒక గీతా పెట్టి ఇచ్చింది. "ఇంక మీ ఇంటిదేనమ్మా" అంది. ఆ గుడ్డలోనే చుట్టి తెచ్చుకున్నారు. చిలక వచ్చింది, గాడిద వచ్చింది. తాబేలు ఎక్కించుకునే ముందు మళ్ళీ అడిగింది, ఎన్ని బట్టలని. ఒడ్డున దిగాక అన్నలిద్దర్నీ కలుపుకున్నారు. పెద్దాయన ముప్పైతొమ్మిది పెట్టెలు ఒడ్డునే వదిలేసి ఇంటికి బయల్దేరాడంట. ఒకటి మాత్రం వదల్లేకపోయాడు, పోనీ పాపం.

సుధన్వుడికీ పైడికీ పెళ్ళయింది. సోమన్న అయితే కూతుర్ని చూసుకుని మూడు రోజులు అన్నం కూడా తినలేదు, చూడ్డమే సరిపోయింది. పెళ్ళిబట్టలు పైడి తనే ఉతికి ఆరేసుకుంది. వాళ్ళిద్దరూ అరవై ఏళ్ళు ఏలారు. ఆ రాజ్యంలో ఒక ఆచారం పెట్టారు. ఏడాదికోసారి బట్టలు ఎండబెట్టే రోజున, రాజైనా సరే పెట్టెకి వీపు పెట్టి నిలబడాలి. నిలబడి లోపలున్నవి ఒక్కొక్కటీ గుర్తుచేసుకుని చెప్పాలి. చెప్పగలిగినవన్నీ నీవి. చెప్పలేనివి బయటికి తీసి, కట్టుకునేవాళ్ళకి ఇచ్చెయ్యాలి. పెట్టె తీసి సరిచూసేది ఎవరనుకున్నావు? ఆ బిడ్డే, పెద్దవాడయ్యాక. వాడి దగ్గర ఎవరి ఆటలూ సాగేవి కావు.

అందుకని నీకు మూడు చాలని నేననట్లేదు యామినీ. నీకు స్కూలు డ్రెస్సులే రెండు జతలు. పది కావచ్చు, పదిహేను కావచ్చు. రేపు ఆదివారం అమ్మని బీరువా తీయమని, నువ్వు వెనక్కి తిరిగి నిలబడి చెప్పు. నిన్నొక్కదాన్నే చెప్పమనను, నేనూ చెప్తాను. ఇప్పుడే, ఇక్కడే, బీరువాకి వీపు పెట్టి నిలబడ్డాను, విను. నెమలికంఠం రంగు వెంకటగిరి ఒకటి. మీ అమ్మ పెళ్ళికి కొన్న ఉప్పాడ ఒకటి. ఆకుపచ్చ మంగళగిరి, ఎర్రంచు. తెల్ల పువ్వుల వాయిల్ చీర. తర్వాత... అదే, ఇంకోటి ఉంది, మీ పెదనాన్న తెచ్చింది, రంగు ఏదబ్బా అది... ఉండు, నాలుక చివరే ఉంది...

ఏంటండీ? వానా? అయ్యో, మేడ మీద బట్టలన్నీ... ఆఁ వస్తున్నా, వస్తున్నా, మీరు ముందు ఆ దుప్పటి లాగండి—