పెత్తనం ఒకరిది, ఫోను ఎవరికి?

రాజులు పోయినా హుకుంలు పోని ఒక సాఫ్ట్‌వేరు కంపెనీలో, జావా ప్రాజెక్టులన్నీ ఇకనుంచి రాసిన కోడుని నడిచే ప్రోగ్రాముగా కూర్చడానికి తన బిల్డ్ స్క్రిప్టే వాడాలన్నాడు పెద్ద ఆర్కిటెక్టు పరాంకుశం.

"ఒక్కో ప్రాజెక్టుది ఒక్కో అవసరం సార్" అని మొత్తుకుంది ఇంజనీరు హైమ.

"నా సెట్టింగుల్లో ఒక్కటి మార్చినా ఊరుకోను!" అని అందరి ముందూ కసిరాడు.

హైమకి ఒళ్లు మండిపోయింది. పళ్లు కొరుక్కుంటూ, ఆ స్క్రిప్టుని ఉన్నదున్నట్టు అన్ని ప్రాజెక్టుల్లోనూ దింపేసింది.

మర్నాడు ఒకదాని వెనక ఒకటి బిల్డులు కూలాయి. కూలినప్పుడల్లా పరాంకుశం ఫోనే మోగింది.

"ఇవన్నీ నాకెందుకొస్తున్నాయి?" అని అరిచాడు.

"బిల్డు చెడితే ఫోను ఎవరికెళ్లాలన్నదీ మీ సెట్టింగే సార్. అక్కడ మీ నంబరుంది, మార్చొద్దన్నారు" అంది హైమ. "అయినా పెత్తనమంతా మీదైనప్పుడు, తిట్లు మాత్రం మేం తినాలా?"