కుర్చీలోనే ఉంది ఉద్యోగం

మండపేటలో పంపుసెట్ల కంపెనీ బ్రాంచాఫీసు పక్కన నాదో జిరాక్స్ షాపు. ఆ ఆఫీసులో ఉండేది నలుగురు. నలుగురికీ తాము మహా తెలివైనవాళ్ళమని గట్టి నమ్మకం. ఒకసారి గోడ గడియారం పది నిమిషాలు వెనక నడుస్తోందని, ఆ సంగతి రాసి దాని కింద కాగితం అంటించారు. తర్వాత గడియారం బాగుచేయించారు గానీ కాగితం తీయలేదు. రాసి ఉందిగా అని ఇప్పటికీ పది నిమిషాలు కలుపుకుని సాయంత్రం ముందే ఇంటికి పోతారు. "బుర్ర ఉండాలండి" అంటాడు మేనేజరు పళ్ళంరాజు గారు, నా వంక జాలిగా చూస్తూ.

అలాంటివాళ్ళకి హెడ్డాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. కాలం మారిందట. ఇకమీద ఆఫీసులో ఎవరికీ సొంత సీటు ఉండదట. ముందొచ్చినవాళ్ళు నచ్చినచోట కూర్చోవచ్చట. సోమవారం తనిఖీకి వస్తారట. కొత్త పద్ధతి కుదిరిందా సరే, లేదంటే బ్రాంచి ఎత్తేస్తారట.

ఎత్తేస్తారనగానే అటెండరు సత్తెమ్మ మొహం వాడిపోయింది. "యాభై దాటాక నాకింకెవరిస్తారండి ఉద్యోగం?" అంది. పళ్ళంరాజు గారికీ రిటైరవడానికి ఇంకా మూడేళ్ళుంది. ఆఫీసంతా దిగులు పడిపోయింది.

"సీట్లు మారిపోతే మరి పని సంగతేంటండి?" అంది కంప్లయింట్లు చూసే హేమలత.

అకౌంటెంటు వైకుంఠరావు కాసేపు కళ్ళు మూసుకుని ఆలోచించాడు. "పని మన దగ్గర ఉండదమ్మా, బల్ల సొరుగులో ఉంటుంది. సొరుగు కదలదు కదా. అందుకని ఎవరు ఏ కుర్చీలో కూర్చుంటే వాళ్ళు ఆ పని చేయాలి" అన్నాడు. ఇంత చిన్న విషయం ఉత్తరం రాసినవాళ్ళకి తట్టనేలేదని అందరూ ఆయన్ని మెచ్చుకున్నారు.

అంతే. మర్నాడు ఊడవడానికి ముందుగా వచ్చిన సత్తెమ్మ మేనేజరు కుర్చీలో కూర్చుంది. సొరుగులో సెలవు కాగితాలు కనపడితే అన్నిటి మీదా సంతకం పెట్టేసింది, ఎవరివో చూడకుండా. కంప్లయింట్ల బల్ల దగ్గర వైకుంఠరావు కూర్చున్నాడు. మూడు మోటార్లు కాలిపోయాయని, రెండు తిరగడం లేదని ఉత్తరాలుంటే, మొత్తం ఐదు అని కింద రాసి, గీత గీసి ఫైల్లో పెట్టాడు. ఆఖరున వచ్చిన పళ్ళంరాజు గారికి గుమ్మం పక్కన అటెండరు స్టూలే మిగిలింది. ఆయన పాపం ముప్ఫై ఏళ్ళ సర్వీసులో మొదటిసారి టీ పెట్టాడు. తాగి చూశాను. పాలు లేవు, పంచదార లేదు. టీపొడి కూడా ఉన్నట్టు లేదు.

గురువారం సూరిబాబు అనే రైతు, కాలిపోయిన తన మోటారుని సైకిలుకి కట్టుకుని వచ్చాడు. నలుగురూ వెనకగదిలో టిఫిన్లు చేస్తున్నారు. కాళ్ళు పీకుతున్నాయని ఖాళీగా ఉన్న మేనేజరు కుర్చీలో చతికిలబడ్డాడు. ఇంకేముంది, చేతులు కడుక్కుని వచ్చినవాళ్ళు వచ్చినట్టే నిలబడిపోయారు.

"ఏం చేయమంటారు సార్?" అన్నాడు పళ్ళంరాజు గారు చేతులు కట్టుకుని.

"దీని బదులు వేరే మోటారు ఎప్పుడిస్తారండి?"

"అది మీరే చెప్పాలి సార్."

సూరిబాబు వాళ్ళని పైనుంచి కింది దాకా చూశాడు. "అయితే ఇప్పుడే ఇచ్చేయండి" అన్నాడు. అద్దాల బీరువాలో ఉన్న కొత్త మోటారు తీసి సైకిలుకి కట్టి మరీ పంపారు.

ఈ కబురు ఊళ్ళకి పాకింది. శనివారం తెల్లారేసరికి కుర్చీలన్నిట్లో రైతులు కూర్చున్నారు. మన నలుగురూ బయట వరసలో నిలబడ్డారు. వరసలో నిలబడేది కంప్లయింటు చేయడానికే కదా అని, ఇంట్లో మోటారే లేని పళ్ళంరాజు గారు తన మోటారు తిరగడం లేదని చెప్పుకున్నాడు. మేనేజరు కుర్చీలో ఉన్న సూరిబాబు తల ఎత్తకుండా "సోమవారం రండి" అన్నాడు. ఆ మాట అనడం ఆయనకి ఎవరూ నేర్పక్కర్లేకపోయింది, అదే ఆఫీసులో ఆరు నెలలుగా వింటున్నాడు.

సోమవారం హెడ్డాఫీసు నుంచి కారులో అరుంధతి గారని పెద్ద ఆఫీసరు దిగింది. కుర్చీలు నిండిపోయి ఉంటే సర్లెమ్మని స్టూలు మీద కూర్చుంది.

"ఏమ్మా, నాలుగు టీలు పట్రా" అన్నాడు వరసలోంచి పళ్ళంరాజు గారు.

"నేనెవరో తెలుసా?" అంది ఆవిడ.

"కనపడుతోంది కదమ్మా, స్టూలు మీద కూర్చున్నావు."

ఆవిడ సంగతంతా విచారించి, ఈ బ్రాంచి మూసేశానని చెప్పి వెళ్ళిపోయింది. నేను భయపడిపోయాను. వాళ్ళు మాత్రం హాయిగా నవ్వుకున్నారు. "స్టూలు మీద కూర్చుని చెప్పింది. అటెండరు మూసేస్తే ఆఫీసు మూతపడుతుందటండీ?" అన్నాడు వైకుంఠరావు. సత్తెమ్మకి అప్పుడు గానీ ఊపిరాడలేదు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ వరసలోకి వెళ్ళి నిలబడింది.

బుధవారం లారీ వచ్చింది. కూలీలు బల్లలూ కుర్చీలూ ఎక్కించారు. రైతులకి బుద్ధుంది, లేచి ఇళ్ళకి పోయారు. వీళ్ళు మాత్రం ఉద్యోగం కుర్చీతోనే కదా అని లారీ ఎక్కి తలో కుర్చీలో కూర్చున్నారు. మళ్ళీ పళ్ళంరాజు గారికే కుర్చీ దొరకలేదు. మిగిలిన మూడేళ్ళ సర్వీసు గాల్లో కలిసిపోతోందని బిక్కమొహంతో లారీ చుట్టూ తిరిగాడు. డ్రైవరు సిగరెట్టుకని దిగాడు. ముందు సీటు ఖాళీగా కనపడింది.

"వద్దండీ" అని అరుస్తూ నేను షాపులోంచి రోడ్డు మీదకి పరిగెత్తాను. ఆయన అప్పటికే ఎక్కి కూర్చున్నాడు. సైకిలు కూడా తొక్కడం రాని మనిషి, తాళం తిప్పి కాలికి తగిలిందల్లా తొక్కాడు. లారీ వెనక్కి వచ్చి నా షాపు ముందు గోడ కూల్చి ఆగింది. దేవుడి దయ, ఎవరికీ దెబ్బ తగల్లేదు.

దుమ్ము తగ్గాక పళ్ళంరాజు గారు లారీ దిగాడు. గోడ పడినచోట నుంచి నడుచుకుంటూ లోపలికి వెళ్ళాడు. నా కుర్చీ ఖాళీగా ఉంది. చొక్కా దులుపుకుని అందులో కూర్చుని, రోడ్డు మీద నోరు తెరుచుకుని నిలబడ్డ నన్ను మర్యాదగా అడిగాడు.

"ఎన్ని కాపీలు కావాలండీ?"